గాలి రాని కారులో గోరంట్లకు

విడపనకల్లు నుంచి గోరంట్లకు పోయే దారిలో చూడడానికి ఏముందని మా వీధిలోవాళ్ళు అడుగుతారు. కొండలంటే బోడికొండలు, ఏర్లంటే ఇసుక. నిజమే. కానీ ఈ వేసవిలో ఆ దారిన రెండు రోజులు ప్రయాణం చేసి, నేను మంచుగడ్డను చూసి వచ్చాను. నడి ఎండల్లో, వరసగా మూడో ఏడు వానలు తప్పిన నేల మీద. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. పాప నిద్రపోయాక రాత్రిపూట రాసుకుంటున్నాను కాబట్టి, అక్కడక్కడా వాక్యాలు కునికితే మన్నించండి.

విడపనకల్లు

ఏప్రిల్ చివర్లో ఒకరోజు పొద్దున్నే మా నాయన శింగనమల నుంచి కారు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన తల్లిని మేమంతా అవ్వ అని పిలుస్తాం. అవ్వ చలికాలం చివర్లో గోరంట్లలోని మా మేనత్త ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళి, నీళ్ళతొట్టి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ మంచంలోనే ఉంది. సాయానికి మా అమ్మ కూడా అక్కడికే వెళ్ళింది. "బిడ్డను ఒకసారి సూపీండి, మళ్ళ మీ ఇష్టం" అని అవ్వ మేనత్త చేత ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించింది.

బిడ్డ అంటే నా కూతురు. ఆరు నెలలది. పెద్ద పేరు ఒకటి పెట్టాం గానీ అందరం చిట్టి అనే పిలుస్తాం. అంతకు పదిహేను రోజుల ముందే దానికి వడదెబ్బ తగిలి, ఆసుపత్రిలో ఒక పగలంతా సెలైన్ ఎక్కించారు. నా వేలంత లేని దాని చేతికి సూది గుచ్చి, అట్టముక్క పెట్టి కట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండే మాటలు చెప్పింది. వేడి తగలకూడదు, దుమ్ము తగలకూడదు. దుమ్ము పీలిస్తే దాని రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ జిల్లాలో వేడీ దుమ్మూ లేని చోటు ఎక్కడుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన బడిపంతులు. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉన్నాడు, రాలేడు. "మామ కారులో ఏసీ ఉండాది గదా, ఇంగేం భయం" అన్నాడు.

ఆ కారు నాయన బెంగళూరులో ఎవరి దగ్గరో కొన్న పాత తెల్ల కారు. మా ఊళ్ళో దానికి బెంగళూరు బండి అనే పేరు. అందులో ఏసీ ఉండడం నాయనకు గొప్ప. చలికాలమంతా ఆయన అద్దాలు దించుకుని, భుజాన తువ్వాలు ఎగురుతుండగా తిరిగాడు కాబట్టి దానితో పని పడలేదు.

ఊరు దాటి నల్లరేగడి చేలలోకి వచ్చాక నాయన అద్దాలన్నీ ఎక్కించమన్నాడు. "ఇంగ సూడు, ఊటీ మాదిరి ఉంటాది" అని మీట తిప్పాడు. లోపల ఎక్కడో బుస్సుమని చప్పుడు మొదలైంది. నేను ముందున్న గాలి కంతల దగ్గర చెయ్యి పెట్టాను.

"వచ్చెనా?"

"రాల్యా నాయనా."

"చెయ్యి దగ్గరికి పెట్టి సూడు."

"పెట్టినా. చప్పుడు వస్తాండాది, గాలి రాల్యా."

ఆయన కూడా చెయ్యి పెట్టి చూశాడు. తన వైపు రెండు కంతలు, నా వైపు రెండు. నాలుగింటి ముందూ చెయ్యి పెట్టి, మీటను ఒకటో అంకె నుంచి నాలుగో అంకె దాకా తిప్పి, కాసేపటికైనా రాకపోతుందా అని దాన్ని ఆపకుండా అలాగే ఉంచి నడిపాడు.

అద్దాలు దించితే దుమ్ము. ఎక్కిస్తే పొయ్యి మీది కుండ. నేను నూరు లెక్కపెట్టి దించేదాన్ని, నూరు లెక్కపెట్టి ఎక్కించేదాన్ని. లెక్కపెడుతూ పెడుతూ ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. బయట పత్తి కోసేసిన చేలు, వాటి మీద ఎండలో నీళ్ళలా కదిలే గాలి. ఆ ఎండనీళ్ళలో ఒక ఆవు మోకాళ్ళ దాకా మునిగి నడుస్తున్నట్టు కనిపించింది. పాప మాత్రం నా ఒళ్ళో, నోరు కొద్దిగా తెరుచుకుని, తన లోకంలో తాను నిద్రపోతోంది.

ఉరవకొండ

ఉరవకొండలో ఉగ్గాని తిన్నాం. తెలియనివాళ్ళకు చెబుతాను. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో ముంచి పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి కలిపితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని మావాళ్ళు తిండి కింద లెక్కపెట్టరు. రెండు బజ్జీలతో కలిపి ఆరు రూపాయలు. మా అత్తగారింట్లో పొద్దున జొన్నరొట్టె, నా పుట్టింట్లో రాగిసంగటి. ఈ రెండిళ్ళకూ మధ్య దారిలో ఉగ్గాని వస్తుంది. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో నా ప్రయాణాలన్నీ ఆ వరసలోనే జరిగాయి.

బజ్జీలు వేస్తున్న పెద్దామె నా చెమటలు చూసింది.

"ఏమ్మా, మేమంటే పొయ్యి కాడ ఉంటాం. కారులో వచ్చేదానివి నువ్వెందుకు ఇట్ల ఉడికిపోయినావు?"

"గాలి రాల్యా ఆ కారులో" అన్నాను.

"మా బస్సులో అయితే గాలి, దుమ్ము, పక్కోళ్ళ కోళ్ళు, అన్నీ వస్తాయి." ఆమె నవ్వుతూనే ఒక పాత తువ్వాలను కుండనీళ్ళలో ముంచి పిండి, నాకు ఇచ్చింది. "ఆర్నెల్ల బిడ్డను ఈ ఎండకు యాటికి ఎత్తకపోతాండావు?"

"గోరంట్లకు. మా అవ్వకు చూపియ్యల్ల."

"అట్లయితే పోవల్లలే" అంది. అంతకన్నా ఏమీ అడగలేదు. ముసలివాళ్ళకు బిడ్డను చూపించడం అనే పని ముందు ఈ ప్రాంతంలో ఎండను ఒక కారణంగా ఎవరూ ఒప్పుకోరు. నేను ఒక్కదాన్నే ఒప్పుకుంటానేమో అనిపించింది. ఆ తువ్వాలును కారు అద్దానికి తెరలా వేలాడదీశాను. ఊరు దాటేలోపే అది అప్పడంలా ఎండిపోయింది.

అనంతపురం

అనంతపురంలో కార్ల కరెంటు పనులు చేసే ఒక షాపులో బండి చూపించాం. అతను చాలా బిజీ మనిషి. మాట్లాడుతూనే ఒక ఫ్యూజు పీకి కొత్తది పెట్టాడు. చప్పుడు వచ్చింది, గాలి రాలేదు. డాష్‌బోర్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. అప్పుడూ రాలేదు.

"మోటారుకు వయసైపోయింది సార్. చప్పుడే గానీ తోసే బలం లేదు. కొత్తది బెంగళూరు నుంచి తెప్పియ్యల్ల. నాలుగు దినాలు."

"నాలుగు దినాలు మేం యాడ ఉండల్ల?" అన్నాడు నాయన.

"అది నన్నడిగితే ఎట్ల సార్?"

నాయనకు ఆ వయసైపోయింది అనే మాట నచ్చలేదు. కారెక్కాక అన్నాడు, "వయసైతే బలం ఉండదా. నేను నడపడంల్యా ఈ బండిని."

శింగనమల

సాయంత్రానికి శింగనమల చేరాం. చెరువు కట్ట పక్కగా వస్తుంటే నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి చెరువు నిండా నీళ్ళు, ఎర్రగా, అంచుల దాకా. లేచి కూర్చుని, "నాయనా, నీళ్ళు" అన్నాను.

"నీళ్ళు కాదులేమ్మా, పొద్దు" అన్నాడు ఆయన.

పగిలిన ఒండ్రు మీద సాయంత్రపు ఎండ అంత నమ్మకంగా పడుకుని ఉంది. ఇదే చెరువులో నా చిన్నప్పుడు ఈత నేర్పిస్తానని నాయన నన్ను నడుముకు తాడు కట్టి దింపాడు. ఇప్పుడు అందులో మేకలు, అడుగున మిగిలిన పచ్చగడ్డి పోచల కోసం వెతుకుతూ, తలలు వంచి, చాలా నెమ్మదిగా, నీళ్ళలో నడిచినట్టే నడుస్తున్నాయి.

ఇల్లంతా ఖాళీ. నేను సంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, నూరాను. అవ్వ మంచం గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. దాన్ని చూడగానే పాప పుట్టినప్పటి ప్రయాణం గుర్తొచ్చింది.

కార్తీకమాసం అది. ఆ ఏడు వాన రాలేదు గానీ చలిగాలి మాత్రం తప్పలేదు. అనంతపురం ఆసుపత్రి నుంచి పదకొండో రోజున నన్నూ పాపనూ ఇదే కారులో ఇక్కడికి తెచ్చారు. మా పుట్టింటి వైపు బాలింతకు గాలి సోకకూడదని పెద్ద పట్టింపు. తలకు తువ్వాలు బిగించి, కళ్ళు మాత్రం కనబడేలా చుడతారు. నీళ్ళు కాచి గానీ ఇవ్వరు. మా అత్తగారి వైపు ఇంత లేదు. వాళ్ళు సాంబ్రాణి పొగ వేసి ఊరుకుంటారు. ఆరోజు అవ్వ నా తలకు ఏమేం చుట్టిందో నాకు స్పృహ లేదు. ఒళ్ళంతా తూలిపోతోంది. అందరికంటే అరగంట ముందే అవ్వ వెళ్ళి కారులో కూర్చుంది. నన్ను ఎక్కించాక నా ముఖంలోకి వంగి ఏదో చెప్పింది. నీళ్ళ అడుగునుంచి మాట్లాడినట్టు, అందులో రెండే మాటలు నాకు అందాయి.

"గాలి కట్టేసినా."

తర్వాత ఇంకా చెప్పింది. పెదవులు కదిలాయి. నేను తల ఊపాను.

అవ్వకు తేలుమంత్రం వచ్చు. పిల్లలకు దిష్టి తీస్తుంది. గాలిని కూడా కట్టగలదన్నమాట అనుకుని, బీయస్సీ చదివినదాన్ని కాబట్టి, తువ్వాలు లోపలే నవ్వుకున్నాను.

సంగటి తింటున్న నాయనతో నేను నా నిర్ణయం చెప్పాను.

"రేపు పొద్దున ధర్మవరంలో ఇంకోసారి చూపిద్దాం. ఆడ బాగయితే గోరంట్లకు. కాకపోతే నన్ను వెనక్కి దింపు నాయనా. బిడ్డను ఇంకొక సెలైన్ దాకా నేను తీసుకుపోలేను."

నాయన ముద్దను ఊరుబిండిలో అద్ది, తినకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"మా అమ్మకు ఏమని చెప్పల్ల?"

"నేనే ఫోన్ చేసి చెప్తా."

"ఫోన్లో బిడ్డ కనపడతాదా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అన్నాడు.

ధర్మవరం

తెల్లవారకముందే బయలుదేరినా, నార్పల దాటేసరికి పొద్దెక్కింది. బత్తలపల్లి దగ్గర రోడ్డు పక్కన టమోటాలు కుప్పగా పారబోసి ఉన్నాయి. కిలోకు అర్ధరూపాయి కూడా రాకపోతే కోసిన కూలి దండగని పారబోశారట. ఒక ఆవు తీరిగ్గా ఒక్కో టమోటా ఏరుకుని తింటోంది. ఆ ఎరుపు, ఆ ఎండ, ఆ నెమ్మది చూస్తూ ఉండగా పాప రొమ్ములో ఒక సన్నటి ఈల వినిపించింది. మొదట ఎక్కడో పక్షి అనుకున్నాను. నూరు లెక్కపెట్టడం మానేసి, దాని ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ధర్మవరం పొలిమేరలో రేకుల షెడ్డు ఒకటి కనబడగానే నాయన బండి ఆపాడు. షెడ్డు వెనకే ఇల్లు. చుట్టుపక్కల ఇళ్ళన్నింట్లోంచీ మగ్గాల చప్పుడు వస్తోంది. ఈ ఇంట్లో మాత్రం లేదు. నలభై ఏళ్ళ సన్నటి మనిషి బయటికి వచ్చాడు. పేరు నారాయణ.

"ఏమన్నా, ఏమైంది?"

"గాలి రాల్యా. మోటారుకు బలం పోయిందని చెప్పినారు."

"ఎవరు చెప్పినారో చెప్పనీలే. మనం బండినే అడుగుదాం" అని అతను ఇంజను ఆన్ చేయించి, ఏసీ వేయించి, కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. పాప ఈల కూడా అతనికి వినబడిందనుకుంటాను. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"ఆదెమ్మా, ఈ తల్లిని లోపలికి పిల్చకపో."

ఆదెమ్మ అతని భార్య. రాట్నం దగ్గర పట్టుదారం చుడుతూ కూర్చుని ఉంది. తన ఇంట్లో మగ్గం ఆగిపోయినా పక్కింటివాళ్ళకు కండెలు చుట్టి ఇస్తుందట. ఆమె పాప నుదుటి మీద చెయ్యి పెట్టి, నన్నేమీ అడక్కుండా మగ్గం దగ్గరికి నడిపించింది. అక్కడి మగ్గాలు గుంత మగ్గాలు. నేసేవాళ్ళు నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి తొక్కుతారు. ఈ మగ్గానికి దారం లేదు, ఉత్త చట్రమే మిగిలింది.

"ఈ గుంతలో పండబెట్టు తల్లీ. ఊరంతా ఎదికినా ఇంత చల్లదనం దొరకదు."

"తేళ్ళూ అవీ..." అన్నాను.

"నా ముగ్గురు బిడ్డలూ ఈ గుంతలోనే పెరిగినారు. వాళ్ళనే తేళ్ళు అనల్ల" అంది ఆమె. అంటూనే దీపం వెలిగించి గుంత నాలుగు మూలలూ చూపించి, చీపురుతో ఊడ్చి, తడిపిన గోనెసంచి పరిచి, దాని మీద చాప, చాప మీద తన చీర వేసింది. నేను పాపను దించాను. చేతులు వెంటనే వదల్లేదు. అరచేతుల వెనక్కి మట్టి చల్లదనం తగిలింది. పాప ఒకసారి నిట్టూర్చి, చేతులు రెండూ తల పక్కన పెట్టుకుని, దున్నిన చాలులో పడ్డ గింజలా సర్దుకుంది.

కాసేపటికి బయటినుంచి నారాయణ పిలిచాడు. బానెట్టు తీసి, ఒక సన్నటి అల్యూమినియం గొట్టాన్ని పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చల్లగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి.

"చలువ పుడతాండాది. మీ దాకా రావడంల్యా. అంతే తేడా."

తర్వాత అతను ఎడమవైపు సీటు ముందు వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కింద మూత విప్పాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి, ఏదో విరిచి, నా దోసిట్లో పెట్టాడు. తెల్లగా, అరచేతి అంత పలక. మంచు. నా ముందు ఎండలో తెల్లబడిన రోడ్డు, రోడ్డు మీద చెప్పుల్లేకుండా ఎగిరెగిరి నడుస్తున్న ఒక ముసలాయన, దోసిట్లో మంచు. ఆ క్షణంలో నేను ఎక్కడున్నానో నిజంగా తెలియలేదు. రెండు రోజులుగా మేము ఉడికిపోతున్నంతసేపూ, మా మోకాళ్ళకు జానెడు దూరంలో ఇది పేరుకుంటూ ఉంది.

"గాలి ఆడకపోతే చలువ ఉన్నచోటే గడ్డకడతాది తల్లీ" అన్నాడు నారాయణ. "ఇది కరగాల. గంట పడతాది. ఈలోపల గాలి యాడ ఆగిందో సూస్తాం. అన్నా, మీ బండి దేవుడి కాడ ఊదుబత్తి ఒకటి ఇట్లియ్యి."

నాయన డాష్‌బోర్డు మీది చిన్న పటం వెనకనుంచి ఊదుబత్తి తీసి ఇచ్చాడు. నారాయణ దాన్ని వెలిగించి, ముందుగా గాలిని మళ్ళించే మీటను ముందరి అద్దం గుర్తు మీద పెట్టి, ఆ అద్దం అడుగున ఉన్న సన్నటి సందు దగ్గర పట్టుకున్నాడు. పొగ వెంటనే వంగి, అద్దం పొడుగునా పైకి పాకింది.

"సూసినావా అన్నా. మోటారు ముసలిది కాదు. బాగనే ఊదుతాండాది."

"నేను అప్పుడే అనుకుంటి" అన్నాడు నాయన.

ఇప్పుడు మీటను మనిషి ముఖం గుర్తు మీదికి మార్చి, ఊదుబత్తిని నాలుగు కంతల ముందూ ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు. పొగ కదల్లేదు. నిటారుగా, గుళ్ళో వెలిగించినట్టు, నాలుగు చోట్లా పైకే లేచింది. కారంతా మల్లెపూల ఊదుబత్తి వాసన. బయట మగ్గాల చప్పుడు. నేను ఆ పొగను చూస్తూ, పాప ఊపిరిని మరిచిపోయి, ఎంతసేపు నిలబడ్డానో.

"గాలి పుడతాండాది, వాకిలి దాకా వస్తాండాది. వాకిట్లో ఎవరో అడ్డం కూచున్నారు" అన్నాడు అతను.

టార్చి వేసి కంతలోకి చూశాడు. దుమ్ము రంగులో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. ఇంట్లోకి వెళ్ళి, మగ్గం మీద పోగులు లాగడానికి వాడే సన్నటి కొక్కెం తెచ్చాడు. దాన్ని కంత రేకుల మధ్యనుంచి లోపలికి పంపి, పోగును పట్టినంత మెల్లగా ఒక మెలిక తిప్పి లాగాడు. ఏదో గుడ్డ కొస బయటికి వచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. జానెడు, మూరెడు, ఇంకొక మూరెడు. నాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎలుక గూడేమో?"

"ఎలుక కొరుకుతాది గానీ మడత పెట్టదు గదన్నా." అతను ఆ పీలికను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. అప్పుడు అతని ముఖం మారింది. కారు పనిచేసేవాడి ముఖం పోయి, వేరే ముఖం వచ్చింది. "నూలు. చేతిమగ్గం. ఉతికి ఉతికి వెన్న మాదిరి అయింది. బిడ్డల పొత్తిగుడ్డలకు దాచిపెట్టే ముసలోళ్ళ చీర ఇది."

దుమ్ము దులిపి చూశాను. నేరేడుపండు రంగు. అంచున సన్నటి పసుపుగీత. ఆ రంగు చీర కొంగుకే నేను చిన్నప్పుడు ముక్కు తుడుచుకున్నాను.

"నాయనా, ఇది అవ్వ చీర."

నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి నా చేతికి ఇచ్చేశాడు.

గాలి కట్టేసినా. అది మంత్రం కాదు. ఆసుపత్రి బయట కారులో ఒంటరిగా కూర్చున్న ఆ అరగంటలో, చీపురుపుల్లతో ఒక్కో పీలికనూ లోపలికంటా కూరి, కొడుకు కంటపడితే తిడతాడని కొసలు కూడా కనబడకుండా తోసి, అవ్వ నిజంగానే గాలిని కట్టేసింది. బిడ్డకు చలి తగలకూడదని.

నాలుగు కంతల్లోంచి నాలుగు పీలికలు వచ్చాయి. మంచు కరిగి కారు కింద ఒక చిన్న మడుగు కట్టింది. ఎక్కడినుంచో రెండు పిచ్చుకలు వచ్చి అందులో తాగాయి.

మంచు కరిగేలోపల ఆదెమ్మ మాకు మజ్జిగ కలిపిన కొర్రగంజి ఇచ్చింది. మగ్గం ఎందుకు ఆపారని నారాయణను అడిగాను.

"పట్టు ధర పైకి పాయ, చీర ధర కిందికి పాయ. మధ్యలో మా కాళ్ళు గుంతలో ఉండె." అతను నవ్వాడు. "పోగులు అతికిన చేతులే గదా, ఇప్పుడు వైర్లు అతుకుతాండాయి. పోగు తెగితే యాడ తెగిందో ఎట్ల ఎదుకుతామో ఇదీ అంతే."

అరవై రూపాయలు తీసుకున్నాడు. ఊదుబత్తి మీదే కదా, దానికి లేదులే అన్నాడు. నేను పాపను గుంతలోంచి ఎత్తుకున్నాను. దాని రొమ్ముకు చెవి ఆనించి విన్నాను. ఈల సన్నగిలింది. ఇంకొంచెంసేపు విన్నాను. ఇక వినబడలేదు.

దారి

ధర్మవరం దాటాక నాయన మీట తిప్పాడు. నాలుగు కంతల్లోంచి చల్లటి గాలి, కొద్దిగా అవ్వ పెట్టె వాసనతో వచ్చింది. పాప వెంట్రుకలు లేచి ఆడాయి. అది గాలిని పట్టుకోవాలని గుప్పిట మూసి, తెరిచి చూసుకుని, మళ్ళీ మూసింది.

దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అంత దూరం నుంచి చూస్తే అవి తిరుగుతున్నట్టు కాక, ఎవరో నిద్రలో చేతులు ఊపుతున్నట్టు ఉంటాయి.

"నిన్నటి దాంక జిల్లాలో గాలంతా వాటికే పోతాండె. ఇప్పుడు మనకు రోంత వచ్చె" అన్నాడు నాయన.

గోరంట్ల

మేనత్త మాకోసం ఓళిగలు చేసి ఉంచింది. బయటివాళ్ళు బొబ్బట్లు అనేవాటిని మేం ఓళిగలంటాం. చేసేటప్పుడు మా అమ్మ నెయ్యి దగ్గర చెయ్యి బిగిస్తుంది, మేనత్త బిగించదు. కానీ ఎవరూ వాటి వైపు చూడలేదు. నేను నేరుగా అవ్వ మంచం దగ్గరికి వెళ్ళి, పాపను ఆమె పక్కలో పెట్టాను.

అవ్వ సగానికి సగమైంది. చేతులు మాత్రం అవే. ముందు పాప పాదాన్ని పట్టుకుంది. పట్టుకుని, ఉలిక్కిపడినట్టు నా వైపు చూసింది.

"ఏమే, బిడ్డ ఇంత చల్లగా ఉండాది? గాలి ఇప్పినారా ఏమి?"

"ఇప్పినాం అవ్వా. ఈపొద్దే."

"ఈపొద్దా? ఇంతవరకూ ఇప్పల్యా?" ఆమె లేవబోయి, తుంటి నొప్పికి మళ్ళీ వాలిపోయింది. "నేను అప్పుడే చెప్తిని గదే నీకు. చలి శివరాత్రికి శివశివా అని పోతాది, ఆ పొద్దే పీకేయండి, మళ్ళ ఎండలకు బిడ్డ ఉడికిపోతాది అంటి. నువ్వు తలకాయ ఊపితివి."

"నాకు ఇనపడల్యా అవ్వా. గాలి కట్టేసినా అన్నదొక్కటే ఇనపడె. నేను మంత్రమేమో అనుకుంటి."

అవ్వ కడుపు మెల్లగా కదలడం మొదలైంది. తుంటిని ఒక చేత్తో పట్టుకుని, నొప్పికి ముఖం చిట్లిస్తూ, ఆపుకోలేక నవ్వింది.

"ఎట్ల ఇనపడతాది. చీర చింపింది ఐదు పీలికలు. నాలుగు బండికి." చెయ్యి చాచి నా చెవుల్ని ఒకటి తర్వాత ఒకటి తాకింది. "ఐదోదాన్ని రెండు చేసి నీ చెవుల్లో నేనే గదా కుక్కింది."

గుమ్మంలో నిలబడ్డ నాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. పాప అవ్వ వేలిని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. వేలు కడగలేదని నా నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

తిరిగి వచ్చి వారమైంది. ఆ నాలుగు పీలికలనూ ఉతికి, ఆరేసి, ఒకదాన్ని పాప తల కింద మడిచి పెట్టాను. మిగతావి ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఇది రాస్తున్నంతసేపూ కిటికీ తెరిచే ఉంది. ఇక మూద్దామని ఇందాక లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పయ్యో నలభయ్యో దగ్గర రాతలో పడి మరిచిపోయాను.